తలుపు తీసే ఉంది... కాస్త ఆగి పలకరించండి!

ప్రపంచంలో ఏ మూల ఉన్నవాళ్లతోనైనా కూర్చున్నచోటి నుంచే కబుర్లాడొచ్చు. తెలియంది అడగొచ్చు. తెలిసింది చెప్పొచ్చు. చాట్‌రూమ్ అంటే అంతే. కానీ గుమ్మం దాకా వచ్చి, లోపలివాళ్లు పలకలేదని చిన్నబుచ్చుకుని వెనుదిరిగేవాళ్లు ఎందరో! ఆ గది మర్యాదలేమిటో ముందే తెలిస్తే..?

రాత్రి పదకొండు దాటింది. ఇంట్లో అందరూ నిద్రపోయారు. డిగ్రీ చదివే ఓ కుర్రాడు మాత్రం పాత కంప్యూటర్ ముందు కూర్చుని కుస్తీ పడుతున్నాడు. స్నేహితుడి మాట విని అందులో లైనక్స్ వేశాడు. అన్నీ పనిచేస్తున్నాయి, స్పీకర్లు తప్ప. అవి కిక్కురుమనడం లేదు. 'లైనక్స్ వాడేవాళ్లంతా చేరే చాట్‌రూమ్ ఒకటుంది, అక్కడ అడుగు' అని ఆ స్నేహితుడే చెప్పాడు. వెళ్లాడు. పక్కన జాబితాలో వందల పేర్లు!

'హలో' అన్నాడు. ఉలుకూ పలుకూ లేదు.

'ఎవరైనా ఉన్నారా?' అన్నాడు. ఊహూ.

'ఒక సందేహం... అడగొచ్చా?' అన్నాడు. నిశ్శబ్దం.

ఐదు నిమిషాలు చూశాడు. 'ఇంతమంది ఉండీ ఒక్కరూ పలకరేం? ఎంత పొగరు!' అనుకుని కంప్యూటర్ కట్టేసి పడుకున్నాడు. పదో నిమిషంలో ఏ జర్మనీ నుంచో, ఏ కెన్యా నుంచో ఒకాయన వచ్చి 'అడుగు బాబూ, ఏమిటి సంగతి?' అన్నాడు. వినడానికి కుర్రాడు అక్కడ లేడు.

ఈ కుర్రాడు ఊహలోని మనిషే. కానీ చాట్‌రూముల్లో పాతకాపులు ఎవరిని కదిపినా ఇలాంటి కథే చెబుతారు. అందులో తప్పు కుర్రాడిదీ కాదు, గదిదీ కాదు. ఇద్దరి మధ్యా తెలియని మర్యాద ఒకటి అడ్డుపడింది. అంతే!

రచ్చబండే... కాకపోతే తెర మీద!

'చాట్‌రూమ్ అంటే మా వాట్సాప్ గ్రూపు లాంటిదేగా' అనుకుంటారు చాలామంది. పోలిక ఉంది, తేడా కూడా ఉంది. వాట్సాప్ గ్రూపులో ఎవరో మనల్ని చేరుస్తారు. ఫోన్ నంబరే మన గుర్తు. బంధువులో, అపార్ట్‌మెంటువాళ్లో, పాత క్లాస్‌మేట్లో... దాదాపు అందరూ తెలిసినవాళ్లే. బహిరంగ చాట్‌రూమ్ అలా కాదు. అది ఊరి మధ్య రచ్చబండ. తలుపు తీసే ఉంటుంది. ఎవరైనా మారుపేరుతో రావొచ్చు, వినొచ్చు, వెళ్లొచ్చు. అక్కడ జనాన్ని కలిపేది చుట్టరికం కాదు... ఇష్టం. లైనక్స్ కావచ్చు, చదరంగం కావచ్చు, వికీపీడియా కావచ్చు.

ఇది నిన్నమొన్నటి ముచ్చటా కాదు. 1973లోనే అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో డగ్ బ్రౌన్, డేవిడ్ వూలీ అనే ఇద్దరు 'టాకోమ్యాటిక్' అనే కార్యక్రమాన్ని తయారుచేశారు. ఒక గదిలో ఐదుగురు మాట్లాడుకునేవారు. ఒకరు టైప్ చేస్తుంటే అక్షరం అక్షరం మిగతావారి తెర మీద కనిపించేది. తప్పు కొట్టి దిద్దుకున్నా అందరికీ తెలిసిపోయేది! 1980లో కంప్యూసర్వ్ అనే సంస్థ ఇలాంటి సదుపాయాన్నే తన చందాదారులకు అందించింది.

అసలు మలుపు మాత్రం 1988 ఆగస్టులో. ఫిన్లాండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయంలో యార్కో ఒయికారినెన్ అనే యువకుడు 'ఇంటర్నెట్ రిలే చాట్' రాశాడు. పొట్టిగా ఐఆర్‌సీ. ఒకచోటి సర్వర్‌ను మరోచోటి సర్వర్‌తో గొలుసులా కలపడం దీని కిటుకు. మీరు హైదరాబాద్‌కు దగ్గర్లోని సర్వర్‌కు చేరినా, ఇంకొకరు హెల్సింకీ సర్వర్‌కు చేరినా కూర్చునేది ఒకే గదిలో. 1991లో సోవియట్ యూనియన్‌లో తిరుగుబాటు యత్నం జరిగి, వార్తలకు అడ్డుకట్ట పడినప్పుడు అక్కడి సంగతులు ఈ గదుల్లోంచే బయటికొచ్చాయి. అంతకుముందు గల్ఫ్ యుద్ధంలోనూ అదే జరిగింది. అప్పుడు తెలిసింది ప్రపంచానికి... కబుర్ల గది వార్తల గది కూడా కాగలదని.

అన్నట్టు, ఇవాళ సినిమా పేరు ముందూ, క్రికెట్ మ్యాచ్ ముందూ పెడుతున్న హ్యాష్ గుర్తు ఉంది చూశారూ... అదీ ఇక్కడిదే! ఐఆర్‌సీలో గది పేరు '#' గుర్తుతో మొదలవుతుంది. 2007 ఆగస్టులో క్రిస్ మెస్సినా అనే ఆయన దాన్ని ట్విట్టర్‌లోనూ వాడదామని సూచించారు. అలా పుట్టింది హ్యాష్‌ట్యాగ్. తర్వాత వచ్చిన స్లాక్, డిస్కార్డ్ లాంటివీ గదుల పేర్లకు ఆ గుర్తునే తగిలించుకున్నాయి.

కాపలా లేని గదులు ఏమయ్యాయి?

రెండు దశాబ్దాల కిందట మన ఊళ్లలో సందుకో నెట్ సెంటర్ ఉన్న రోజులు గుర్తున్నాయా? ప్లైవుడ్ గదులు, గంట లెక్కన డబ్బులు, తెర మీద యాహూ చాట్. లోపలికి అడుగుపెట్టగానే తగిలే మొదటి ప్రశ్న 'ఏఎస్‌ఎల్?' వయసెంత, ఆడా మగా, ఏ ఊరు అని. నిజం చెప్పేవాడు అమాయకుడు, అబద్ధం చెప్పేవాడు గడసరి. పిల్లలు ఆ గదుల్లోకి వెళ్తున్నారంటే పెద్దల గుండెల్లో రాయి పడేది. ఆ భయం ఉత్త భయం కూడా కాదు. పిల్లలకు ఎరవేసే దుర్మార్గులు తిరుగుతున్నారన్న ఆందోళనతోనే 2003 అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్ అనేక దేశాల్లో తన ఎమ్మెస్సెన్ చాట్‌రూములను మూసేసింది. 2005లో యాహూ, వాడకందార్లు సొంతంగా తెరిచిన గదులన్నింటినీ ఎత్తేసింది. 2012 డిసెంబర్‌లో మిగిలినవాటికీ తాళం పడింది.

మరి అంతకన్నా ముసలిదైన ఐఆర్‌సీ మాత్రం ఇంకా ఎలా ఉంది? జవాబు చిన్నదే. ఆ కంపెనీల గదుల్లో జనం కోట్లలో ఉన్నారు గానీ 'ఇది మా గది' అనుకున్నవారు తక్కువ. ఐఆర్‌సీలో నిలిచిన ప్రతి గదికీ కొందరు కాపలా ఉన్నారు. జీతం లేకుండా, రాత్రీ పగలూ చూసుకునే మనుషులు. గదిని బతికించింది సాఫ్ట్‌వేర్ కాదు... వాళ్లు.

అడుగు పెట్టేదిలా...

ఐఆర్‌సీ గదులకు ఇప్పుడు పెద్ద ఆలవాలం 'లిబెరా చాట్'. దాని వెబ్‌సైట్లోనే చాట్ కిటికీ ఉంది. ఏ సాఫ్ట్‌వేరూ దించుకోనక్కర్లేదు. కిటికీ తెరిస్తే రెండే అడుగుతుంది. మీ మారుపేరు, వెళ్లాల్సిన గది పేరు.

మారుపేరును అక్కడ 'నిక్' అంటారు. ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు వాడొచ్చు. అంకెతో మొదలుపెట్టకూడదు. ఇంటిపేరుతో సహా అసలు పేరు, పుట్టిన సంవత్సరం, ఫోన్ నంబరు... ఇవేవీ నిక్‌లో ఉండకుండా చూసుకోండి. పలకడానికి తేలిగ్గా ఉండే పేరైతే మంచిది. రేపు మిమ్మల్ని పిలిచేది ఆ పేరుతోనే.

నాలుగు రోజులు తిరిగాక గది నచ్చిందనుకోండి, ఆ పేరును మీ సొంతం చేసుకోవచ్చు. 'నిక్‌సర్వ్' అనే యంత్ర సేవకుడికి రహస్యంగా పాస్‌వర్డ్, ఈమెయిల్ చెబితే నమోదు చేసుకుంటుంది. ఇక్కడే ఒక జాగ్రత్త! ఐఆర్‌సీలో ఆదేశాలన్నీ '/' గీతతో మొదలవుతాయి. పొరపాటున గీతకు ముందు ఒక్క ఖాళీ వదిలినా అది ఆదేశం కాదు, గదిలో అందరికీ చెప్పిన మాట అయిపోతుంది. అలా పాస్‌వర్డ్‌ను నడివీధిలో చాటింపు వేసుకున్నవాళ్లున్నారు. అందుకే పాస్‌వర్డ్ పనులు గదిలో కాకుండా సర్వర్ పేరుతో ఉండే విడి కిటికీలో చేసుకోవడం క్షేమం. చెయ్యి జారిందా... ఆ పాస్‌వర్డ్‌ను వెంటనే మార్చేయండి.

లోపలికి వెళ్లగానే గది నెత్తిన ఒక వాక్యం కనిపిస్తుంది. దాన్ని 'టాపిక్' అంటారు. ఇంటిముందు బోర్డు లాంటిది. ఈ గది దేనికి, నియమాలు ఎక్కడున్నాయి అన్నది అందులోనే ఉంటుంది. ముందు దాన్ని చదవాలి. ఆ తర్వాత కాసేపు ఊరికే కూర్చోవాలి. ఎవరు ఎలా మాట్లాడుతున్నారు, హాస్యం ఎంతవరకు చెల్లుతుంది, ఏ భాష నడుస్తోంది... అన్నీ అర్థమవుతాయి. ఇలా మౌనంగా కూర్చోవడాన్ని అక్కడ ఎవరూ తప్పుపట్టరు. పెళ్లింట్లోకి వెళ్లగానే మైకు అందుకోం కదా!

'అడగొచ్చా' అని అడగొద్దు!

మళ్లీ మన కుర్రాడి దగ్గరికి వద్దాం. అతను మూడుసార్లు మాట్లాడాడు. మూడింటిలోనూ అసలు ప్రశ్న లేదు! జాబితాలో వందల పేర్లు కనిపిస్తాయి గానీ అందరూ తెర ముందు ఉండరు. కొందరు ఆఫీసు పనిలో, కొందరు వంటింట్లో, కొందరు నిద్రలో ఉంటారు. కంప్యూటర్ మాత్రం గదిలో కూర్చుని ఉంటుంది. మనకు ఉదయం పదైతే లండన్‌లో ఇంకా తెల్లవారుజామే. కాలిఫోర్నియాలో ముందురోజు రాత్రి. ఎవరైనా వచ్చి తిరగేసినప్పుడు 'అడగొచ్చా' అన్న మాట కనిపిస్తే ఏం జవాబిస్తారు? అదే ప్రశ్న కనిపిస్తే... తెలిసినవాళ్లు ఆగి చెబుతారు.

కాబట్టి నేరుగా అడిగేయాలి. 'సౌండ్ రావట్లేదు, సాయం చెయ్యండి' అంటే చాలదు. ఏ లైనక్స్, ఏ వెర్షన్, కంప్యూటర్ మోడల్ ఏమిటి, మీరు ఏం ప్రయత్నించారు, తెర మీద ఏ సందేశం వచ్చింది... ఈ ఐదూ రెండు మూడు వాక్యాల్లో చెబితే సగం పని అయినట్టే. డాక్టరు దగ్గరికెళ్లి 'ఒంట్లో బాగాలేదు' అని ఊరుకుంటామా? ఎక్కడ నొప్పో, ఎప్పటి నుంచో చెప్పమూ!

ఆ తర్వాత ఆగాలి. ఐదు నిమిషాలు కాదు, కనీసం అరగంట. గంటైనా ఫర్వాలేదు. మామూలు ఐఆర్‌సీలో గది పాత మాటలను దాచిపెట్టదు. మీరు బయటికెళ్లాక వచ్చిన జవాబు మీకు చేరదు. అందుకే కిటికీ తెరిచి ఉంచి మీ పని మీరు చేసుకోవాలి. ఎవరైనా మీ నిక్ రాసి మాట్లాడితే మెరుపో, చిన్న శబ్దమో వచ్చి పిలుస్తుంది. మీరూ జవాబిచ్చేటప్పుడు ఎదుటివారి నిక్ ముందు రాయండి. నాలుగు సంభాషణలు కలగలిసి సాగేచోట ఎవరి మాట ఎవరికో తెలియాలిగా. పేరులో మొదటి రెండు మూడక్షరాలు కొట్టి 'ట్యాబ్' నొక్కితే మిగతాది అదే పూర్తవుతుంది.

ఇంకో సంగతి. తెర మీద వచ్చిన నలభై వరుసల సందేశాన్ని గదిలో కుమ్మరించకూడదు. యంత్రం దాన్ని అల్లరిగా లెక్కేసి మిమ్మల్ని బయటికి గెంటేయొచ్చు. అలాంటి వాటికి 'పేస్ట్‌బిన్' సైట్లుంటాయి. అక్కడ పెట్టి, లింకు మాత్రం గదిలో ఇస్తే చాలు. ఇక సమస్య తీరాక చడీచప్పుడు లేకుండా వెళ్లిపోకండి. ఏ చిట్కా పనిచేసిందో చెప్పి, ఓ ధన్యవాదం పడేయండి. చెప్పినవారికి అదే జీతం.

తెలుగులో మాట్లాడితే...

మాట్లాడొచ్చు, భేషుగ్గా! యూనికోడ్ రాకముందు నెట్లో తెలుగువాళ్ల అవస్థ వేరు. 1990ల మొదట్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో మనవాళ్లు ఆర్‌టీఎస్ అనే పద్ధతి తయారుచేసుకున్నారు. ఇంగ్లిషు అక్షరాలతో తెలుగును పొల్లుపోకుండా రాయడానికి అదో బాట. ఇప్పుడు అక్షరాలే నేరుగా వస్తున్నాయి. అయితే ఐఆర్‌సీలో ఒక చిక్కుంది. ఒక సందేశం 512 బైట్లు మించకూడదన్నది పాతకాలం నాటి నియమం. ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు. 'తెలుగు' అన్న చిన్నమాటకే 18 బైట్లు! అదే ఇంగ్లిషు లిపిలో రాస్తే ఆరు. అందుకే పెద్ద వాక్యం రాస్తే రెండు ముక్కలైపోవచ్చు, లేదా తోక తెగిపోవచ్చు. చిన్న చిన్న వాక్యాలే మేలు. అన్నట్టు, గదిలో అందరికీ వచ్చిన భాషలోనే మాట్లాడటం కూడా మర్యాదే. పదిమందిలో ఇద్దరికే తెలిసిన భాష అయితే ఆ ఇద్దరూ వేరే గది తెరుచుకోవచ్చు. అందుకు పైసా ఖర్చు లేదు.

పిల్లలు వెళ్తుంటే...

గదిలో కొందరి పేర్ల ముందు '@' గుర్తు కనిపించొచ్చు. వాళ్లే 'ఆప్'లు, అంటే గది పెద్దలు. బూతులు, బెదిరింపులు, ప్రకటనలు మొదలైతే నోరు మూయించడం, గెంటేయడం, మళ్లీ రాకుండా నిషేధించడం వీళ్ల పని. చాలా గదుల్లో ఈ గుర్తును అవసరమైనప్పుడే పెట్టుకుంటారు. గుర్తు కనిపించలేదంటే పెద్దలు లేరని కాదు. ఎవరైనా ఇబ్బంది పెడితే వాదనకు దిగకుండా వీళ్లకు చెప్పాలి.

గదిలో అందరి ముందూ మర్యాదగా ఉన్నవాడు పక్కకు పిలిచి ప్రైవేటు సందేశం పంపితే... అక్కడ జాగ్రత్త పడాలి. ఫొటో పంపమన్నా, ఫోన్ నంబరు అడిగినా, 'ఈ సంగతి ఇంట్లో చెప్పకు' అన్నా అక్కడితో ఆపేయాలని పిల్లలకు ముందే చెప్పాలి. ముక్కూమొహం తెలియనివారు పంపిన ఫైలు తెరవకూడదు. అర్థంకాని ఆదేశం 'ఇది టైప్ చెయ్యి, బాగవుతుంది' అంటే చేసేయకూడదు. అది ఏం చేస్తుందని అడగాలి, మరొకరితోనూ సరిచూసుకోవాలి. కొన్ని గదుల్లో మాటలన్నీ చిట్టాగా నెట్లో శాశ్వతంగా ఉండిపోతాయన్నదీ గుర్తుంచుకోవాలి. ఉబుంటు గదుల్లో ఏళ్ల కిందట జరిగిన సంభాషణలను ఇప్పటికీ చదవొచ్చు.

డిస్కార్డ్ లాంటివాటిలో 13 ఏళ్లు నిండనిదే ఖాతా తెరవకూడదు. 2023లో మన దేశం చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. మోసం జరిగి డబ్బు పోతే 1930 నంబరుకు వెంటనే ఫోన్ చేయాలి. అన్నిటికన్నా తేలికైన కాపలా ఒకటుంది. మొదటిసారి పిల్లలతో పాటు పెద్దలూ ఆ తెర ముందు కూర్చోవడం. 'ఎవరితో మాట్లాడుతున్నావ్' అని గద్దించడం కన్నా 'ఏమంటున్నారు మీ వాళ్లు' అని అడగడం మంచి ఫలితమిస్తుంది.

ఇంతకీ గది ఎవరిది?

2021 వరకు ఇలాంటి గదుల్లో ఎక్కువ భాగానికి చిరునామా 'ఫ్రీనోడ్'. పెత్తనం ఎవరి చేతుల్లో ఉండాలన్న వివాదం ముదిరి, ఆ ఏడాది మే 19న దాన్ని నడుపుతున్న స్వచ్ఛంద కార్యకర్తలు మూకుమ్మడిగా తప్పుకున్నారు. అదేరోజు లిబెరా చాట్‌ను తెరిచారు. 'మేం అక్కడికి మారుతున్నాం' అని టాపిక్‌లో రాసుకున్న వందల గదులను వారం తిరిగేసరికి ఫ్రీనోడ్ తన అధీనంలోకి తీసుకుంది. అంతే! వికీమీడియా, ఉబుంటు, జెంటూ... ఒక్కో బృందమూ మూటాముల్లె సర్దుకుని లిబెరాకు వెళ్లిపోయాయి. గోడలు అక్కడే ఉన్నాయి, గది పేర్లూ అక్కడే ఉన్నాయి. మనుషులు లేరు. మనుషులు లేని గదిని ఏం చేసుకుంటారు? రచ్చబండ అంటే రాతి తిన్నె కాదని, దాని మీద చేరే జనమని అప్పుడు మరోసారి తేలింది.

ఆ జనం ఎక్కడి నుంచో ఊడిపడరు. నిన్న సందేహంతో గుమ్మంలో నిలబడ్డవాళ్లే ఇవాళ లోపల కూర్చుని జవాబులు చెబుతున్నారు. కొత్తవాడు ఐదు నిమిషాల్లో అలిగి వెళ్లిపోతే అతనికో జవాబు పోతుంది. గదికి మాత్రం రేపు జవాబు చెప్పాల్సిన మనిషే పోతాడు. అందుకే కొన్ని బృందాలు కొత్తవాళ్ల కోసం విడిగా సహాయ గదులే పెట్టుకున్నాయి. ఇంగ్లిషు వికీపీడియాలో కొత్తగా రాసేవారికి అలాంటి గది ఒకటుంది.

మన కుర్రాడు మర్నాడు రాత్రి మళ్లీ వెళ్లాడనుకుందాం. ఈసారి హలోలు లేవు. టాపిక్ చదివాడు. ప్రశ్న పూర్తిగా రాశాడు. కిటికీ తెరిచి ఉంచి రికార్డు రాసుకుంటూ కూర్చున్నాడు. నలభై నిమిషాల తర్వాత టింగుమంది. 'సౌండ్ సెట్టింగుల్లో అవుట్‌పుట్ దేనికి పెట్టి ఉందో చూడు' అన్నారెవరో. చూశాడు. టీవీ తీగకు పెట్టి ఉంది! మార్చగానే స్పీకర్లు పలికాయి. ధన్యవాదం చెప్పాడు. కట్టేయబోతుంటే గదిలో కొత్తపేరు ఒకటి మెరిసింది.

'హలో... ఎవరైనా ఉన్నారా?'

కుర్రాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నవ్వుకుంటూ టైప్ చేశాడు.

'ఉన్నాం. చెప్పండి, ఏమిటి సమస్య?'